4.17 నంబరు టేబులు, మా అత్తగారి పంచాంగం

పొద్దున ఆరింటికి లేచి నేను చేసే మొదటి పని పళ్లు తోముకోవడం కాదు. టేబులు బుక్ చేసుకోవడం.

మా ఆఫీసు జర్మనీలో, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో ఉంది. రెండేళ్ల కింద దాన్ని మోడరన్ చేశారు. మోడరన్ అంటే నూటపది మంది మనుషులు, అరవై నాలుగు టేబుళ్లు. ఎవరి టేబులూ ఎవరిదీ కాదు. ఫోన్లో ఒక యాప్ ఉంటుంది. అందులో సరిగ్గా ఆరింటికి ఆ రోజు టేబుళ్లు వదుల్తారు, తిరుపతి దర్శనం టికెట్లు వదిలినట్టు. ఆరూ రెండుకి చూశారా, మీకు ప్రింటర్ పక్కదో, టాయిలెట్ తలుపుకి ఎదురుగా ఉన్నదో మిగులుతుంది. టాయిలెట్ ఎదురుగా కూర్చుంటే ఇంకో ఇబ్బంది. పదకొండున్నర దాటాక ఎవరు ఎవరికి ఎదురుపడ్డా "మాల్‌ట్సైట్" అనడం ఇక్కడి మర్యాద. భోజనం వేళయింది, బాగా తినండి అని. లోపలికి వెళ్తూ ఒకసారి, బయటికొస్తూ ఒకసారి అంటారు. నేను రెండుసార్లూ తిరిగి అనాలి. రోజుకి ఎనభై సార్లు అన్నాక ఇంక నాకు అన్నం సయించదు.

తొమ్మిదేళ్ల సర్వీసు నాది. సీనియర్ డేటా అనలిస్ట్‌ని. బ్యాగులో మౌసు, కీబోర్డు, కుర్చీ తుడుచుకునే గుడ్డ పెట్టుకుని అంతస్తులన్నీ తిరుగుతుంటాను. మా ఆవిడ ఊర్మిళకి ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకులో సొంత టేబులుంది, దానికో సొరుగు, సొరుక్కి తాళం. ఈ విషయం మా ఇంట్లో మేం మాట్లాడుకోం.

మా ఆఫీసులో యాప్‌లో లేని టేబులు ఒకే ఒక్కటి. నాలుగో అంతస్తు, పదిహేడో నంబరు. 4.17. కిటికీ పక్కన ఉంటుంది, అవతల టౌనుస్ కొండలు కనపడతాయి. కాళ్ల దగ్గర హీటరు. మీట నొక్కితే టేబులు పైకి లేస్తుంది. మిగతా టేబుళ్లకీ మీటలున్నాయి, నొక్కితే మూలుగుతాయి, లేవవు. ఇది లేస్తుంది. దాన్ని ఇరవై ఏళ్లుగా హెర్ డోంబ్రోవ్‌స్కీ అనే ఆయన నడుం నొప్పి సర్టిఫికెట్ మీద ఏలాడు. ఫిబ్రవరిలో ఆయన రిటైరయ్యాడు. ఆ వారమే ఆ టేబులు కోసం ఇరవై మూడు అప్లికేషన్లు పడ్డాయి. నాది కూడా. నేనూ డాక్టరు దగ్గరికి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను గానీ, ఆయన "నడుము చాలా బాగుంది" అని రాసిచ్చాడు.

ఈ టేబుళ్లూ కుర్చీలూ తాళాలూ చూసే ఆవిడ ఫ్రావ్ హోల్ట్‌మన్. నవ్వడానికి కూడా ముందు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవాలన్నట్టు ఉంటుంది. ఇరవై మూడు అప్లికేషన్లలో ఎవరికిచ్చినా మిగతా ఇరవై రెండు మంది కంప్లయింట్ పెడతారని ఆవిడ ఏదీ తేల్చకుండా కూర్చుంది.

అప్పుడొచ్చాడు వేడ్. అమెరికా నుంచి వచ్చిన మా డిపార్ట్‌మెంట్ హెడ్. వాళ్ల దేశంలో మార్చిలో కాలేజీ పిల్లల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ జరుగుతుంది. అరవై నాలుగు కాలేజీలు, పదహారేసి చొప్పున నాలుగు గుంపులు, ప్రతి గుంపులో ఒకటి నుంచి పదహారు దాకా ర్యాంకులు. ఓడినవాడు ఇంటికే. మూడు వారాల్లో ఒక్క కాలేజీ మిగులుతుంది. ఆటలు మొదలవకముందే ఎవరు ఎవర్ని ఓడిస్తారో అరవై మూడు మ్యాచ్‌లూ ఒక చార్టులో నింపి ఇచ్చెయ్యాలి. రౌండు పెరిగే కొద్దీ సరైన జవాబుకి పాయింట్లు రెట్టింపు. అక్కడ ప్రతి ఆఫీసులోనూ ఈ పందెం ఉంటుందట. మనమూ పెట్టుకుందాం అన్నాడు.

డబ్బు పెట్టడానికి వీల్లేదని ఉద్యోగుల సంఘం వాళ్లు అన్నారు. మరి గెలిచినవాళ్లకి ఏమిద్దాం అని మీటింగులో వేడ్ అడిగితే, ఫ్రావ్ హోల్ట్‌మన్ కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, "4.17" అంది. "ఏడాది పాటు. నేమ్‌ప్లేట్‌తో సహా."

ఆ సాయంత్రానికల్లా బాస్కెట్‌బాల్‌లో బంతి ఏ రంగులో ఉంటుందో తెలియని నలభై ఏడు మంది నిపుణులైపోయారు.

రూల్సు నాలుగు పేజీలు టైప్ చేసి పంపింది ఫ్రావ్ హోల్ట్‌మన్. ఆరో రూలు ప్రకారం ప్రతి ఉద్యోగీ ఇంట్లోవాళ్లలో ఒకరి పేరు మీద ఇంకో చార్టు ఇవ్వచ్చు. ఆరో రూలు చదవగానే నా బుర్ర గిర్రున తిరిగింది. రెండు చార్టులు, రెండు అవకాశాలు. ఆ సంతోషంలో ఏడో రూలు దగ్గర్నించి చదవడం మానేశాను. జర్మనీలో నాలుగు పేజీల కాగితం ఇస్తే, మూడో పేజీలో ప్రాణం తీసే లైను ఒకటి ఉంటుంది. తొమ్మిదేళ్లు ఉండి కూడా నేర్చుకోలేదు.

ఊర్మిళ పేరు పెడదామని అడిగాను.

"నాకెందుకు? నాకుంది కదా టేబులు," అంది. చెప్పాను కదా, ఆ విషయం మేం మాట్లాడుకోం అని.

అందుకని మా అత్తగారు. వెంకటరమణమ్మగారు. తెనాలి దగ్గర హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. మార్చి మొదట్లో తొంభై రోజుల వీసా మీద మా దగ్గరికొచ్చారు. వచ్చిన రెండో రోజే మా చెత్తడబ్బాలు నాలుగూ చూసి, ఏది దేంట్లో వేస్తున్నామో అడిగి, మూడు తప్పులు పట్టుకున్నారు.

నేను ఎనిమిదేళ్ల డేటాతో ఎక్సెల్ తయారుచేశాను. ఇరవై ఆరు కాలమ్స్. నా లెక్కలో ఛాంపియన్ హార్‌గ్రోవ్ స్టేట్, ఒకటో ర్యాంకు టీము. ఆఫీసులో దీని మీద నలభై నిమిషాల ప్రెజెంటేషన్ కూడా ఇచ్చాను, హార్‌గ్రోవ్ ఎందుకు ఓడిపోదో అని. రికార్డింగ్ కూడా పెట్టారు. అదే ఎక్సెల్‌ని కొంచెం అటూ ఇటూ మార్చి రెండో చార్టు అత్తగారి పేరు మీద నింపి, కింద సంతకం కోసం ఆవిడ ముందు పెట్టాను.

"ఏంటిది అల్లుడుగారూ?"

"ఏం లేదండీ. ఆఫీసు ఫార్మాలిటీ. ఇక్కడో సంతకం."

ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారు. "చదవకుండా నేను అటెండెన్సు రిజిస్టర్లో కూడా సంతకం పెట్టలేదు."

చదివారు. మొత్తం చదివారు. మధ్యలో నన్ను టోర్నమెంటు ఏంటో, పాయింట్లేంటో అడిగి తెలుసుకున్నారు.

"ఈ హార్‌గ్రోవ్‌కి ఎదురుగా ఎనభై ఏడు శాతం అని రాశారు."

"గెలిచే అవకాశం అండీ."

"మరి మిగతా పదమూడు ఎవరికి?"

"అవతలివాళ్లకి."

"అయితే అవతలివాళ్లు కూడా గెలవచ్చన్నమాట."

"గెలవచ్చు గానీ గెలవరు."

"క్లాసులో ఇలా చెప్పిన పిల్లల్ని నేను బెంచీ ఎక్కించేదాన్ని," అన్నారు. "నా పేరు మీద ఉన్నది నేనే నింపుతా. కానీ ఇవాళ కాదు. ఉగాది గురువారం. ఆ రోజు కొత్త పంచాంగం చూసి నింపుతా."

ఈ ఏడు ఉగాదీ, టోర్నమెంటు మొదటి ఆటలూ ఒకే రోజు పడ్డాయి. చార్టులు ఇవ్వడానికి ఆఖరి గడువు ఆ రోజు సాయంత్రం ఐదు.

"పంచాంగం చూసి బాస్కెట్‌బాలా?" అన్నాను.

"మీరు కంప్యూటర్ చూసి బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు కదా," అన్నారు ఆవిడ.

ఊర్మిళ వంటింట్లోంచి పెద్దగా నవ్వింది. నాలుగ్గోడల మధ్య నవ్వినట్టు కాదు, బాల్కనీ తలుపు తీసి నవ్వినట్టు.

ఉగాది రోజు సెలవు పెట్టాను. పచ్చడి తిన్నాం. వేపపువ్వు ఇక్కడ దొరకదని అత్తగారు తెనాలి నుంచి ఎండబెట్టిన పువ్వు తెచ్చారు, అది చేదులో మూడింతలు. తర్వాత పంచాంగం తీశారు. ముందు ఇంట్లోవాళ్ల రాశులు చదివారు.

"తుల. అల్లుడుగారిది. రాజపూజ్యం రెండు, అవమానం ఐదు."

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ప్రతి రాశికీ ఆ ఏడు ఎన్ని గౌరవాలు, ఎన్ని అవమానాలు అని పంచాంగంలో అంకెలుంటాయి. ఐదు అవమానాలు అని విని నేను నవ్వాను. ఏడాదికి ఐదేనా, ఆఫీసులో వారానికి ఐదు అవుతాయి అన్నాను. ఆవిడ నవ్వలేదు. పెన్సిలు చెక్కుకున్నారు.

తర్వాత మొదలైంది. కాలేజీ పేరులో మొదటి అక్షరం. ఆ అక్షరానికి ఏ నక్షత్రం, నక్షత్రానికి ఏ రాశి. ఆ రాశికి రాజపూజ్యం లోంచి అవమానం తీసివెయ్యాలి. ఎవరికి ఎక్కువ మిగిలితే వాళ్లు గెలిచినట్టు.

"హార్‌గ్రోవ్. 'హా'. పునర్వసు, మిథునం. రాజపూజ్యం మూడు, అవమానం ఆరు. మైనస్ మూడు," అని హార్‌గ్రోవ్‌ని మొదటి రౌండులోనే కొట్టేశారు.

"అత్తయ్యగారూ, అది ఒకటో ర్యాంకు టీము. అవతలిది పదహారో ర్యాంకు."

"ర్యాంకు పోయిన ఏడాది గ్రహాలది. ఇవాళ్టినుంచి కొత్త సంవత్సరం. తర్వాతది చెప్పండి."

"సెయింట్ ఓస్విన్."

"సెయింట్ అనేది బిరుదు. బిరుదుతో జాతకం చూడరు. 'ఓ'. రోహిణి, వృషభం."

పన్నెండు రాశులకి అరవై నాలుగు టీములు. రెండు టీములు ఒకే రాశిలో ఎదురుపడితే ఏం చెయ్యాలో కూడా ఆవిడ ముందే ఆలోచించి పెట్టుకున్నారు. అప్పుడు ఆ కాలేజీ ఉన్న ఊరి పేరు. నేను గంటన్నర సేపు అమెరికాలో ఊళ్ల పేర్లు వెతికి చదివాను. పండగపూట.

చివరికి ఆవిడ లెక్కలో రెండు కన్యారాశి టీములు ఫైనలుకి వచ్చాయి. కన్యకి ఆ ఏడు రాజపూజ్యం ఏడు, అవమానం ఒకటి. అంతకంటే మంచి రాశి లేదు. ఒకటి టోలివర్, రెండో ర్యాంకు టీము. ఇంకోటి పెల్టన్, పదకొండో ర్యాంకు. ఊరి పేరులో పెల్టన్‌ది మకరం, టోలివర్‌ది కర్కాటకం. మకరం మేలు. ఛాంపియన్ పెల్టన్ కాలేజీ అని గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, ఐదుకి పదిహేను నిమిషాలుందనగా నా చేతిలో పెట్టారు.

పెల్టన్ గురించి నా ఎక్సెల్ ఏం చెప్పిందో చూశాను. సున్నా పాయింట్ రెండు శాతం. నవ్వుకుంటూ స్కాన్ చేసి పంపాను.

మర్నాడు ఆఫీసు వంటగదిలో అరవై తొమ్మిది చార్టులూ గోడకి అంటించారు. అత్తగారి చార్టు చూసి అందరూ సరదాపడ్డారు. మా టీములోని కౌశల్, హైదరాబాదు వాడు, ఏఐతో చార్టు నింపినవాడు, టోలివర్‌ని ఛాంపియన్‌గా పెట్టాడు.

"అన్నా, మీ అత్తమ్మ పెల్టన్ అని పెట్టింది. గా పేరు నేను ఇంతవరకు విననే లేదు," అన్నాడు.

"పెద్దావిడ. సరదాకి," అన్నాను.

శనివారం పొద్దున లేచి ఫోన్ చూస్తే హార్‌గ్రోవ్ స్టేట్ ఓడిపోయింది. మొదటి ఆటలోనే. పదహారో ర్యాంకు టీము మీద. నా చార్టులో హార్‌గ్రోవ్ ఆరు రౌండ్లు గెలవాలి. అంటే ఆరు రౌండ్ల పాయింట్లూ పోయాయి. అత్తగారు నాకు పెసరట్టులో అల్లం ఎక్కువ వేసి పెట్టారు. ఆవిడ సంతాపం అలా ఉంటుంది.

సోమవారం కౌశల్ నా ప్రెజెంటేషన్ రికార్డింగ్‌లో పన్నెండో నిమిషం, "హార్‌గ్రోవ్ ఓడిపోవడం గణితపరంగా అసాధ్యం" అని నేనన్న ముక్క కట్ చేసి గ్రూపులో పెట్టాడు. కింద హైడెల్‌బర్గ్ బ్రాంచి వాళ్లు కూడా దండం బొమ్మలు పెట్టారు. నాకు హైడెల్‌బర్గ్‌లో ఒక్కడు కూడా తెలీదు.

"ఏందన్నా, గింత జల్దీ ఇంటికి పంపినవ్ మీ హార్‌గ్రోవ్‌ని?" అన్నాడు.

"ఇది ఒక్క ఆట. స్టాటిస్టిక్స్‌లో దీన్ని..."

"గణితపరంగా?"

మొదటి రౌండు అయ్యేసరికి అత్తగారిది ముప్ఫై ఒకటో స్థానం. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది అన్నాను ఇంట్లో. కానీ రౌండు మారేకొద్దీ పాయింట్లు రెట్టింపవుతాయి, ఆవిడ పెట్టిన కన్యలూ మకరాలూ ఒక్కటీ కదల్లేదు. పదహారు టీములు మిగిలేసరికి ఆవిడ తొమ్మిదో స్థానం. ఎనిమిది మిగిలేసరికి మూడు. నాలుగు టీములు మిగిలితే అందులో మూడు ఆవిడ రాసినవే. అందులో పెల్టన్ ఒకటి.

వంటగదిలో ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. గోడకున్న ఆ చార్టు ముందు కాఫీ కప్పులతో నిలబడి, ఆలయంలో శాసనం చదువుతున్నట్టు చదువుతున్నారు. వేడ్ నన్ను పక్కకి పిలిచి అడిగాడు.

"మీ అత్తగారి మోడల్ ఏంటి?"

"అది... పాత ఆస్ట్రనామికల్ డేటా మీద ఆధారపడింది."

"ఎంత పాత?"

"చాలా."

"శాంపిల్ సైజు బాగుంటుందన్నమాట," అని తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

ఇక్కడ నా మనసులో కలిగిన మార్పు నిజాయితీగా చెప్పాలి. మా అత్తగారు గెలిస్తే టేబులు ఎవరికొస్తుంది? ఆవిడకి ఆఫీసు లేదు. టేబులు అవసరం లేదు. ఇంట్లోవాళ్ల తరఫున ఎవరొస్తారు? నేను. ఆ రోజు నుంచి నేను పంచాంగాన్ని నమ్మాను. పొద్దున్నే అత్తగారికి ఫిల్టర్ కాఫీ నేనే కలిపాను. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి ఇండియన్ షాపులో ములక్కాడలు తెచ్చాను. ఒక్కొక్కటీ ఆఫీసు క్యాంటీన్లో భోజనం అంత ఖరీదు.

"ఏంటి అల్లుడుగారూ, ఈమధ్య బాగా కనిపెట్టుకుని ఉంటున్నారు?"

"అయ్యో, మామూలుగానే అండీ."

"పరీక్షల ముందు నెల పిల్లలు ఇలాగే నమస్కారాలు పెట్టేవాళ్లు," అన్నారు కాఫీ తాగుతూ.

ఫైనలుకి వచ్చినవి ఆవిడ రాసిన రెండే. పెల్టన్, టోలివర్. పెల్టన్ గెలిస్తే టేబులు అత్తగారిది. టోలివర్ గెలిస్తే కౌశల్‌ది. మూడోవాడికి దారే లేదు. కౌశల్ ఈస్టర్ సెలవుల ముందు రోజే వెళ్లి 4.17 పక్కన నిలబడి, కిటికీలోంచి ఫొటో తీసి, స్టేటస్ పెట్టాడు. "త్వరలో" అని.

ఫైనల్ ఈస్టర్ సోమవారం అమెరికా రాత్రి. మనకి మంగళవారం తెల్లారేసరికి అయిపోతుంది. ఆరుకి ఐదు నిమిషాలుందనగా లేచాను. హాల్లోకి వస్తే అత్తగారు అప్పటికే స్నానం, పూజ అయి, సోఫాలో కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తున్నారు. ఫోన్ తెరిచాను.

పెల్టన్ డెబ్భై ఒకటి. టోలివర్ డెబ్భై.

నేను వేసిన కేక ఎలాంటిదంటే, కింద ఫ్లాటులో ముసలాయన చీపురు కర్రతో సీలింగు మీద కొట్టాడు. పొద్దున ఏడు లోపల ఇక్కడ నిశ్శబ్దం పాటించాలి. నేను పట్టించుకోలేదు. ఊర్మిళ గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. మా అమ్మాయి కావ్యశ్రీ నిద్రకళ్లతో వచ్చి, సంగతి విని, "అమ్మమ్మా, దూ బిస్ట్ వెల్ట్‌మైస్టరిన్!" అంది, నువ్వు ప్రపంచ ఛాంపియన్‌వి అని. ముగ్గురం కలిసి ఆవిడ చుట్టూ గెంతాం. తొమ్మిదేళ్లలో ఈ దేశంలో మా ఇంట్లో అంత చప్పుడు ఎప్పుడూ కాలేదు. కింద చీపురు కర్ర రెండోసారి కొట్టింది. మేం పైనుంచి కాళ్లతో కొట్టాం.

అత్తగారు మాత్రం ఒక చిక్కుడుకాయ విరిచి, "ఒక్క పాయింటేనా తేడా? మకరానికీ కర్కాటకానికీ అంతకంటే ఎక్కువ రావాలే. ఊరి పేరు సరిగ్గా చదివారా మీరు?" అన్నారు. కానీ పెదాల చివర కదిలింది. నేను చూశాను.

ఆ హడావుడిలో ఆరింటికి టేబులు బుక్ చెయ్యడం మర్చిపోయాను. బాధపడలేదు. ఇంక జన్మలో ఆ యాప్ తెరవను అనుకుని, ఆఫీసుకి వెళ్లగానే మొత్తానికి డిలీట్ చేసి, తిన్నగా వెళ్లి 4.17లో కూర్చున్నాను. మీట నొక్కాను. టేబులు లేచింది. కొండలు కనపడ్డాయి. హీటరు వెచ్చగా ఉంది. నాలుగు నిమిషాలు అలా ఉన్నాను. ఐదో నిమిషం వెనకాల ఎవరో దగ్గారు.

"హెర్ రవీంద్రనాథ్. ఇది మీ టేబులు కాదు," అంది ఫ్రావ్ హోల్ట్‌మన్.

"మా అత్తగారు గెలిచారు కదండీ."

"అవును. అందుకే మీది కాదు. తొమ్మిదో రూలు. బహుమతి చార్టు మీద పేరూ సంతకమూ ఎవరివో వాళ్లకే చెందుతుంది. మూడో పేజీ."

"ఆవిడ ఇక్కడ పనిచెయ్యరు కదా!"

"పనిచెయ్యాలని రూల్సులో ఎక్కడా లేదు," అంది. ఆలోచించి చూస్తే మా ఆఫీసులో చాలామంది విషయంలో అది నిజమే. "మీరు లేవాలి."

లేచాను. అంతస్తంతా చూస్తుండగా లేచాను. అసలు బాధ తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు వేరే టేబులు కూడా లేదు. వంటగదిలో, ఆ అరవై తొమ్మిది చార్టుల కింద కూర్చుని పనిచేశాను. నా స్థానం అరవై ఎనిమిది. అరవై తొమ్మిదో ఆయన చార్టు నింపడం మర్చిపోయి ఖాళీ కాగితం ఇచ్చాడు.

శుక్రవారం బహుమతి ప్రదానం. అత్తగారు మంగళగిరి పట్టుచీర కట్టుకుని, ఎస్-బాన్ రైల్లో నా పక్కన కూర్చుని వచ్చారు. చేతిలో పులిహోర డబ్బా. రిసెప్షన్‌లో విజిటర్ బ్యాడ్జి ఇస్తే, తాళి పక్కన పెట్టుకోనన్నారని మెడలో కాకుండా చేసంచీకి తగిలించారు. నాలుగో అంతస్తు లిఫ్టు తలుపు తెరుచుకోగానే నూటపది మంది నిలబడి చప్పట్లు. మాల్‌ట్సైట్ తప్ప ఇంకేమీ అనని మనుషులు ఈలలు వేశారు. వేడ్ వంగి రెండు చేతులూ జోడించాడు. ఫ్రావ్ హోల్ట్‌మన్ నేమ్‌ప్లేట్ ఇచ్చింది. "ఫ్రావ్ వెంకటరమణమ్మ, 4.17." ఇచ్చేటప్పుడు, టెర్మిన్ లేకుండా, నవ్వింది. నా తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

అత్తగారు కుర్చీలో కూర్చున్నారు. కిటికీలోంచి కొండలు చూశారు. చుట్టూ మనుషుల్ని చూశారు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఎలా కూర్చున్నారో అలాగే వీపు ఆనించకుండా కూర్చున్నారు. మీట నొక్కారు. టేబులు లేచింది. జనం మళ్లీ చప్పట్లు.

నిజం చెప్పాలంటే నా కళ్లు కూడా చెమర్చాయి. సగం ఆవిడ కోసం. సగం టేబులు కోసం.

ఇప్పుడు సంగతి ఇది. ఆవిడ మంగళ, గురువారాలు ఆఫీసుకొస్తున్నారు. మిగతా రోజులు టీవీ సీరియళ్లుంటాయి. రూల్సు ప్రకారం విజిటర్ బ్యాడ్జితో నాలుగింటి దాకా ఉండచ్చు, కంప్యూటర్ ముట్టుకోకూడదు. ఆవిడకి కంప్యూటర్ అక్కర్లేదు. పంచాంగం ఉంది. మా ప్రాజెక్టు లాంచి మంగళవారం పెడితే, "మంగళవారం కొత్త పని ఏంటి, బుధవారం చెయ్యండి" అన్నారు. వేడ్ బుధవారానికి మార్చాడు. మూడేళ్లలో మొదటిసారి సాఫ్ట్‌వేర్ పడిపోకుండా లాంచి అయింది. ఇప్పుడు ఆవిడ టేబులు ముందు క్యూ ఉంటుంది. జర్మన్లు కదా, వరసగా నిలబడతారు. సోమ, బుధ, శుక్రవారాలు ఆ టేబులు ఖాళీగా ఉంటుంది. యాప్‌లో ఉండదు, ఎవరూ కూర్చోకూడదు. నేమ్‌ప్లేట్ ఒక్కటే కూర్చుంటుంది. నేను యాప్ మళ్లీ డౌన్‌లోడ్ చేసుకుని, ప్రింటర్ పక్కనుంచి దాన్ని చూస్తూ పనిచేసుకుంటున్నాను.

వచ్చే వారం వీసా అయిపోయి అత్తగారు వెళ్లిపోతున్నారు. పదకొండో రూలు ప్రకారం, ఈసారి చదివాను, విజేత లేనప్పుడు తన బదులు కూర్చునే మనిషిని రాతపూర్వకంగా నియమించచ్చు. మిగతా పది నెలలూ ఆ టేబులు ఆ మనిషిదే. నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

"ఇస్తా అల్లుడుగారూ. మీరు కాక ఎవరున్నారు నాకు," అన్నారు. నాకు గుండె నిండిపోయింది. అప్పుడు ఒక కాగితం తీసి నా కంచం పక్కన పెట్టారు. గుండ్రటి అక్షరాలు, ఇంగ్లీషులో, జర్మన్‌లో కూడా. జర్మన్ కావ్యశ్రీ రాసిపెట్టిందట.

"'సీనియర్ డేటా అనలిస్ట్‌నైన నేను, ఇరవై ఆరు కాలమ్స్‌తో చేసిన లెక్క, మా అత్తగారు పెన్సిలుతో చేసిన లెక్క ముందు ఓడిపోయిందనీ, పంచాంగాన్ని ఎగతాళి చేసినందుకు చింతిస్తున్నాననీ ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.' వంటగది గోడ మీద, చార్టుల పక్కన ఏడాది పాటు ఉండాలి. కింద సంతకం, తేదీ," అన్నారు. "చదవకుండా పెట్టకండి. చదివే పెట్టండి."

"అత్తయ్యగారూ, నేను లెక్కలు చేసి బతికేవాణ్ని. ఇది గోడ మీద పెడితే నన్ను ఎవరు నమ్ముతారు?"

"అందుకే అడుగుతున్నా. ఊరికే వచ్చేదానికి విలువుండదు."

"పెట్టకపోతే?"

"కౌశల్ పెట్టేశాడు," అన్నారు ఊర్మిళ వైపు చూసి పెరుగు గిన్నె జరుపుతూ. "ఇవాళ పొద్దున ఆఫీసులోనే. అతను ఏఐ గురించి రాశాడు. రెండు తప్పులుంటే దిద్ది ఇచ్చాను. మంచి కుర్రాడు, పాదాలకి దండం పెట్టాడు. మీరు శుక్రవారం లోపల చెప్పండి."

పడుకునే ముందు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. తులారాశి, అవమానం ఐదు. హార్‌గ్రోవ్ ఒకటి. రికార్డింగ్ రెండు. 4.17 లోంచి లేపడం మూడు. అరవై ఎనిమిదో స్థానం నాలుగు. ఇంకా ఒక్కటి మిగిలింది. ఆ ఐదోది ఆ కాగితం మీద నా సంతకమా, లేక సంతకం పెట్టనందుకు కౌశల్ 4.17లో కూర్చుని మీట నొక్కి నా ఎదురుగా పైకి లేవడమా? పంచాంగంలో అంత వివరంగా రాయలేదు. అత్తగార్ని అడిగితే, "అది మీరే తేల్చుకోవాలి, కాపీ కొట్టనివ్వను" అన్నారు.

ఎక్సెల్‌లో పెట్టి చూశాను. సంతకం పెట్టడానికి యాభై శాతం, మానడానికి యాభై శాతం వచ్చింది.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎవరైనా అత్తగారితో పందెం కాసి ఓడినవాళ్లుంటే, ఆఫీసులో పరువా, కిటికీ పక్క హీటరా తేల్చుకోవాల్సి వచ్చినవాళ్లుంటే, దయచేసి ఒక్క ముక్క చెప్పండి. సంతకం పెట్టమంటారా, మానమంటారా? ఇవాళ బుధవారం. శుక్రవారం సాయంత్రం ఐదు ఆఖరు. ఈసారి మీ మాట వింటాను, శాతాలు అడగను. పోనీ మీ పేరులో మొదటి అక్షరం కూడా రాయండి. అత్తగారు అది చూసి గానీ ఎవరి సలహా వినాలో చెప్పరట.